ఆ పిలగాని తల్లేది?

2016లో ఉగాది ఏప్రిల్ 8న, శుక్రవారం నాడు వచ్చింది. ఆ ఏడాది మా ఇంట్లో ఉగాది పచ్చడి కంటే ముందు పంచాయతీ మొదలైంది. అదే రోజు రెండు సినిమాలు విడుదలయ్యాయి. ఒకటి పవన్ కల్యాణ్ ‘సర్దార్ గబ్బర్ సింగ్’. రెండోది ‘ది జంగిల్ బుక్’. ఈ రెండోది అమెరికాలో కంటే మన దగ్గర వారం ముందే వచ్చింది, ఇంగ్లిషుతో పాటు హిందీ, తమిళం, తెలుగు మాటలతో. పదో తరగతి పరీక్షలు రాసిన మా పెద్దాడికి మొదటిది కావాలి, ఏడేళ్ల మా పాపకి రెండోది. పవన్ కల్యాణ్ సినిమాకి ఆ వారం టికెట్లు దొరికితే కదా! చివరికి తర్వాతి వారం పాప మాటే నెగ్గింది. పెద్దాడు ముఖం మాడ్చుకుని వచ్చాడు. మా అత్తమ్మ, ఇంట్లో ఒక్కదాన్నే ఉండి ఏం చేస్తానని తనూ బయల్దేరింది.

ఇంకో భయం కూడా ఉండింది. మన సెన్సారు వాళ్లు ఆ సినిమాకి ‘యు’ కాకుండా ‘యు/ఎ’ ఇచ్చారు. 3డిలో జంతువులు మీదికి దూకినట్టు ఉంటే పిల్లలు జడుసుకుంటారని అప్పటి సెన్సారు బోర్డు అధ్యక్షుడు పహ్లాజ్ నిహలానీ అన్నారు. పిల్లల పుస్తకానికి ఈ సర్టిఫికెట్ ఏమిటని పేపర్ల నిండా వెక్కిరింతలు. నేనూ నవ్వాను గానీ, షేర్ ఖాన్ మొదటిసారి తెర మీదికి వచ్చినప్పుడు మా పాప నా చున్నీలో దూరిపోయింది. అప్పుడు నిహలానీ గారిని మనసులో కొంచెం క్షమించాను.

అత్తమ్మ సంగతే వేరు. కళ్లజోడు మీద 3డి కళ్లజోడు పెట్టుకుని, రెండూ జారిపోకుండా ఒక చేత్తో పట్టుకుని, గంటా నలభై నిమిషాలు కదలకుండా చూసింది. తోడేలు తల్లి రక్ష ఆ పిల్లాడిని సాగనంపే చోట కొంగుతో ముక్కు తుడుచుకుంది. బయటికొచ్చాక ఆటో కోసం నిలబడ్డప్పుడు అడిగింది.

“ఏందమ్మా, అందరున్నరు గని, ఆ పిలగాని తల్లేది? తండ్రిని పులి సంపిందని సూపెట్టిన్రు. మరి కన్నతల్లి ఏమైనట్టు?”

నా దగ్గర జవాబు లేదు. నిజమే, ఆ సినిమాలో గుహలో తండ్రిని పులి చంపుతుంది, పసివాడు మిగులుతాడు. తల్లి ఊసే లేదు. నాకు అప్పటిదాకా ఆ లోటు తట్టనే లేదు.

మా తరం వాళ్లకి మోగ్లీ అంటే దూరదర్శన్. 1993లో ఆదివారం పొద్దున వచ్చేది, గుర్తుందా? నిజానికది జపాన్ వాళ్లు తీసిన 52 భాగాల బొమ్మల సీరియల్. దానికి హిందీలో గుల్జార్ పాట రాశారు, విశాల్ భరద్వాజ్ బాణీ కట్టారు. షేర్ ఖాన్‌కి నానా పటేకర్ గొంతు. సికింద్రాబాద్‌లో మా వీధి వీధంతా ఆ టైముకి ఖాళీ. అమ్మ తలంటి పోయడానికి పిలుస్తుంటే నూనె తలతో టీవీ ముందు కూర్చునేవాళ్లం. అంత చూసినదాన్ని కదా, కథ నాకు తెలుసనే అనుకున్నాను. అత్తమ్మ అడిగిన తర్వాత, వంటింటి పని అయిన మధ్యాహ్నాల్లో ఫోన్లో అసలు పుస్తకం చదవడం మొదలుపెట్టాను. పాత పుస్తకం కాబట్టి ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది.

అసలు పుస్తకంలో తల్లి ఉంది. ఒకరు కాదు, ఇద్దరు.

రుడ్యార్డ్ కిప్లింగ్ ‘జంగిల్ బుక్’ 1894లో, రెండో భాగం 1895లో వచ్చాయి. కథ జరిగేది మధ్యప్రదేశ్‌లోని సియోనీ అడవుల్లో. రాసింది మాత్రం అమెరికాలోని వర్మాంట్‌లో, చుట్టూ మంచు కురుస్తుంటే. ఆ మొదటి ప్రతుల్లో ఒకదాని మీద తన పెద్దకూతురు జోసెఫీన్ కోసమే రాశానని ఆయన చేత్తో రాసి ఇచ్చాడు. ఆ ప్రతి 2010లో ఇంగ్లండ్‌లో ఒక పాత భవనం లైబ్రరీలో బయటపడింది. ఆ పాప ఆరేళ్లకే, 1899లో, న్యుమోనియాతో పోయింది. అదే సమయంలో తండ్రి కూడా అదే జబ్బుతో చావుబతుకుల మధ్య ఉన్నాడని, కొన్నాళ్లదాకా ఆయనకి చెప్పనే లేదట.

ఆ పుస్తకంలో రక్ష వచ్చే ఘట్టం ఒకటుంది. షేర్ ఖాన్ గుహ ద్వారం దగ్గరికి వచ్చి పిల్లాడు నా వేట, ఇచ్చేయమంటాడు. అప్పటిదాకా పిల్లలకి పాలిస్తూ పడుకున్న తోడేలు తల్లి లేచి నిలబడి, వీడు నా బిడ్డ అని చెప్పి పులిని తరిమేస్తుంది. ఒంటి మీద బొచ్చు లేదని మోగ్లీ, అంటే కప్ప అని పేరు పెడుతుంది. కిప్లింగ్ రక్ష అంటే రాక్షసి అని అర్థం చెప్పుకున్నాడు. మనకేమో రక్ష అంటే కాపు. రక్షరేకు. పసివాడికి నీళ్లు పోశాక శ్రీరామరక్ష అంటాం. ఆయన తప్పు రాశాడో, తెలిసే రాశాడో గానీ, బిడ్డ జోలికొస్తే ఆ రెండూ ఒకటేనని తల్లయిన ఎవరికైనా తెలుసు.

ఆ తర్వాత నల్లచిరుత బగీరా ఒక ఎద్దుని మూల్యంగా ఇచ్చి పిల్లాడిని గుంపులో చేర్పిస్తుంది. ఇది చదివి వినిపిస్తే అత్తమ్మకి అస్సలు వింత అనిపించలేదు. పిల్లలు నిలవని ఇళ్లలో పుట్టిన బిడ్డని పెంటకుప్ప మీద పెట్టి తెచ్చి పెంటయ్య అని, తవుడికి అమ్మి మళ్లీ కొని తవిటయ్య అని పేరు పెట్టడం మన ఊళ్లలో ఉన్నదే. “కప్ప అంటే ఏందమ్మా, మంచిగనే పెట్టింది. దిష్టి తగలకుంట” అంది.

ఇక కన్నతల్లి. ఆమె పేరు మెసువా. ఊళ్లో కలిగినవాళ్ల ఇంటి ఇల్లాలు. ఆమె కొడుకు నాథూని చిన్నప్పుడు పులి ఎత్తుకుపోయింది. ఏళ్ల తర్వాత తోడేళ్లు వెళ్లగొట్టిన మోగ్లీ ఆ ఊరికి వస్తే, వీడు మీ వాడిలా ఉన్నాడు కదా అని ఊళ్లో ఆడవాళ్లే ఆమెతో అంటారు. ఆమె ఇంట్లోకి తీసుకెళ్లి పాలూ రొట్టే పెడుతుంది. నీకు కొత్త చెప్పులు కొనిచ్చిన రోజు గుర్తుందా అని అడుగుతుంది. వాడికి మాట అర్థం కాదు. వాడి పాదం పట్టుకుని చూస్తుంది. కొమ్ములా గట్టిపడి ఉంటుంది. ఈ కాళ్లు ఎప్పుడూ చెప్పులు తొడిగినవి కావని ఆమెకి అర్థమైపోతుంది. అయినా నువ్వు నా కొడుకువే అంటుంది.

ఇక్కడ నేను ఫోన్ పక్కన పెట్టి లేచి మంచినీళ్లు తాగాను. వాడు నిజంగా నాథూయేనా కాదా, రచయిత ఎక్కడా తేల్చి చెప్పడు. ఆమెకి తేలనవసరం లేదు.

ఆ రాత్రి మోగ్లీ కప్పు కింద నిద్రపట్టక కిటికీ దూకి పొలంలో పడుకుంటాడు. తర్వాత ఊరు వాడిని మంత్రగాడని రాళ్లతో కొడుతుంది. మెసువానీ భర్తనీ కట్టేసి కాల్చబోతే మోగ్లీ విడిపించి పంపిస్తాడు. మళ్లీ చివర్లో, పదిహేడేళ్ల కుర్రాడై, వసంతకాలంలో ఎందుకో మనసు నిలవక పరుగెత్తి పరుగెత్తి ఒక గుడిసె ముందు ఆగుతాడు. లోపల మెసువా. ఒళ్లో ఇంకో పసివాడు. వేడిపాలు ఇస్తుంది. వాడు ఒళ్లు తెలియకుండా నిద్రపోతాడు. అప్పటికి రక్ష చనిపోయింది, గుహ ద్వారానికి పెద్ద బండ దొర్లించి ఏడ్చింది వీడే.

ఒక సరదా సంగతి కూడా చెప్పాలి. ఈ పుస్తకాల కంటే ముందే, 1893లో, కిప్లింగ్ పెద్దవాడైన మోగ్లీ గురించి ఒక కథ రాశాడు. అందులో మోగ్లీ అటవీశాఖలో చేరతాడు. జీతం, చివర్లో పింఛను కూడా ఉంటాయని దొర ఆశపెడతాడు. పెళ్లి కూడా అవుతుంది. తోడేళ్లు పెంచినా చివరికి సర్కారు కొలువే! మా ఆయనకి ఇది చెబితే నవ్వు ఆపుకోలేకపోయాడు. మా మామగారు ఉండి ఉంటే, అదే కదా నేను మొదట్నుంచీ చెప్పేది అనేవారు.

కన్నతల్లి, పెంచిన తల్లి అని కిప్లింగ్ ఇంతగా ఎందుకు రాశాడో ఆయన బతుకు చూస్తే తెలుస్తుంది. 1865లో బొంబాయిలో పుట్టాడు. ఆయా ఒడిలో పెరిగాడు, హిందుస్తానీయే ముందు నోటికొచ్చిన భాష. అమ్మానాన్నల దగ్గరికి పంపేటప్పుడు, ఇప్పుడు ఇంగ్లిషులో మాట్లాడాలి బాబూ అని నౌకర్లు గుర్తుచేసేవాళ్లట. ఐదేళ్ల వయసులో, 1871లో, చదువు కోసమని వాడినీ చెల్లెలినీ ఇంగ్లండ్‌లో డబ్బు తీసుకుని పిల్లల్ని ఉంచుకునే ఒకావిడ ఇంట్లో వదిలి తల్లిదండ్రులు తిరిగి వచ్చేశారు. వెళ్తున్నామని పిల్లలకి చెప్పనైనా లేదు. అక్కడ ఐదేళ్లకు పైగా తిట్లూ దెబ్బలూ తిన్నాడు. 1877లో తల్లి వచ్చి, రాత్రి ముద్దుపెట్టుకుందామని మంచం మీదికి వంగితే, కొడుతుందేమోనని పిల్లాడు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఇది ఆయన ఆత్మకథలో ఉంది.

అలాంటి తల్లిదండ్రులు చెడ్డవాళ్లేం కాదు. ఆ రోజుల్లో ఇండియాలో ఉన్న ఇంగ్లిషు కుటుంబాలన్నీ అదే చేసేవి. పిల్లాడి భవిష్యత్తు కోసం అనుకునేవాళ్లు. ఆ మాట నాకెందుకు గుచ్చుకుందో కాసేపాగి చెబుతాను.

మళ్లీ సినిమాల దగ్గరికి వస్తే, అత్తమ్మ ప్రశ్నకి జవాబు 1942లో ఉంది.

దానికి ముందు సాబూ గురించి చెప్పాలి. మన పక్క మైసూరు రాజ్యంలో, కారాపుర అనే ఊళ్లో 1924లో పుట్టాడు. తండ్రి మావటి. తల్లి చిన్నప్పుడే పోయింది, తర్వాత తండ్రి కూడా. పిల్లాడు మహారాజు గారి ఏనుగుశాలలోనే పెరిగాడు. 1935లో రాబర్ట్ ఫ్లాహర్టీ అనే అమెరికన్ దర్శకుడు జంగిల్ బుక్‌లోని ఇంకో కథ, మావటి కొడుకు తూమాయ్ కథని, సినిమా తీయడానికి మైసూరు వచ్చాడు. తూమాయ్ వేషానికి పిల్లాడిని వెతుకుతుంటే ఏనుగుశాలలో సాబూ దొరికాడు. నిజమైన మావటి కొడుకు, నిజమైన ఏనుగులు, కాకనకోట అడవుల్లో ఖెడ్డా. ఫ్లాహర్టీ భార్య ఫ్రాన్సెస్ కూడా వెంటే ఉంది. ఆమె అక్కడి నుంచి తన కూతుళ్లకి రాసిన ఉత్తరాలు తర్వాత పుస్తకంగా వచ్చాయి. భర్త ఏనుగుల వెంట తిరుగుతుంటే, దూరంగా ఉన్న ఆడపిల్లలకి ఉత్తరాలు రాసుకుంటూ కూర్చున్న ఆవిడ నాకు సినిమా కంటే ఎక్కువ కళ్ల ముందు మెదిలింది.

గంటల కొద్దీ తీసిన ఆ ఫిల్ముని లండన్ పంపితే, నిర్మాత అలెగ్జాండర్ కోర్డాకి కథ చాల్లేదనిపించింది. సాబూనీ వాళ్ల అన్ననీ ఇంగ్లండ్ రప్పించి, లండన్ దగ్గర డెన్‌హామ్ స్టూడియోలో మిగతాది తన తమ్ముడు జోల్టాన్ కోర్డాతో తీయించాడు. 1937లో ‘ఎలిఫెంట్ బాయ్’ వచ్చింది. వెనిస్‌లో దర్శకుడి బహుమతి అందుకుంది. సాబూ రాత్రికి రాత్రి లోకానికంతా తెలిశాడు. మరుసటేడు సాబూ నటించిన ‘ది డ్రమ్’ ఇక్కడ బొంబాయి, మద్రాసుల్లో ఆడితే జనం తెల్లదొరల డబ్బా సినిమా అని గొడవ చేశారు. 1940లో ‘థీఫ్ ఆఫ్ బాగ్దాద్’. యుద్ధం వల్ల కోర్డా సోదరులు హాలీవుడ్ చేరారు, సాబూ కూడా వెళ్లాడు. 1942లో మోగ్లీ అయ్యాడు.

ఆ రోజుల్లో సికింద్రాబాద్ అంటే కంటోన్మెంటు. సైనికుల కోసం తిరుమలగిరిలో గారిసన్ సినిమా హాలు ఉండేది. తిరుమలగిరిలోనే 1934లో పుట్టిన శ్యామ్ బెనెగల్ గారు ఆ హాల్లో సినిమాలు చూస్తూనే పెరిగారు. అత్తమ్మని పెంచిన మామయ్య నిజాం రైల్వే వాళ్ల లాలాగూడ వర్క్‌షాపులో ఫిట్టరు. సాబూ పేరు ఆమె ఆయన నోటనే విందట. “ఏనుగు మీద కూసోని సీమకు పోయిండంట మన పోరడు, అని కథ చెప్పెటోడు” అంది. ఏనుగు మీద కాదు, ఓడలో అని నేను సర్దబోయాను. ఏనుగే బాగుందని ఊరుకున్నాను.

1942 ‘జంగిల్ బుక్’ మీద ఇప్పుడు ఎవరికీ హక్కులు లేవు, ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. ఒక మే నెల మధ్యాహ్నం కూలర్ ముందు లాప్‌టాప్ పెట్టి అత్తమ్మకి చూపించాను. మాటలన్నీ నేనే తెలుగులో చెబుతూ పోయాను. అడవి కాలిఫోర్నియాలో వేసిన సెట్. పులీ చిరుతా నిజమైనవి, పెద్దపాములు మాత్రం రబ్బరువని తెలిసిపోతూనే ఉంటుంది. రంగులు మన పాత క్యాలెండర్ బొమ్మల్లా ఉంటాయి. నాలుగు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి దానికి. ఒక ముసలి కథకుడు ఇంగ్లిషు దొరసానికి కథ చెబుతున్నట్టు మొదలవుతుంది.

అందులో మెసువా ఉంది. బాగా ఉంది. రోజ్‌మేరీ డికాంప్ అనే అమెరికన్ నటి, ముఖానికి గోధుమరంగు పూసుకుని వేసింది. ఆ చీరకట్టు చూసి అత్తమ్మ నవ్వింది, ఇది ఏ దేశం కట్టమ్మా అని. కానీ మెసువా ఆ అడవి కుర్రాడిని ఇంట్లోకి తెచ్చుకుని, ఒక్కో మాటే నేర్పిస్తుంటే నవ్వు ఆగిపోయింది. చివర్లో అడవి అంటుకుంటుంది. మోగ్లీ ఏనుగుని తెచ్చి తల్లిని కాపాడతాడు, కానీ ఆమెతో వెళ్లడు. అడవిలోకే తిరిగిపోతాడు. తర్వాతేమైందని దొరసాని అడిగితే, కథకుడు అది వేరే కథ అంటాడు.

“పోనిచ్చింది సూడు” అంది అత్తమ్మ. ఇంకేం అనలేదు.

పాతికేళ్ల తర్వాత, 1967లో, వాల్ట్ డిస్నీ బొమ్మల సినిమా వచ్చింది. డిస్నీ స్వయంగా చూసుకున్న ఆఖరి బొమ్మల సినిమాల్లో అది ఒకటి, విడుదలకి పది నెలల ముందే ఆయన పోయాడు. కిప్లింగ్ కథ మరీ చీకటిగా ఉందని ఆయన దాన్ని పక్కన పెట్టించి ఆటాపాటల సినిమా చేశాడు. మోగ్లీకి గొంతు ఇచ్చింది దర్శకుడి కొడుకే. ఇందులో మెసువా లేదు. చివర్లో నీళ్లకి వచ్చిన ఒక పిల్ల కుండ దొర్లిస్తే, మోగ్లీ దాన్ని ఎత్తుకుని ఆమె వెనకే ఊళ్లోకి వెళ్లిపోతాడు. అంటే తల్లి ప్లేసులో కోడలు వచ్చింది! ఈ మాట నేను అన్నది కాదు, అత్తమ్మకి కథ చెబితే ఆమె అన్నది.

2016 సినిమాలో ఊరే లేదు, చీకట్లో దూరంగా మంటలు తప్ప. మోగ్లీ అడవిలోనే ఉండిపోతాడు. అసలు అడవీ లేదు. లాస్ ఏంజిలిస్‌లో ఒక స్టూడియోలో నీలం తెరల మధ్య నీల్ సేథీ అనే న్యూయార్క్ పిల్లాడు ఒక్కడే నటించాడు. జంతువుల చోట బొమ్మలు పట్టుకుని మనుషులు నిలబడేవాళ్లు. జంతువుల్నీ చెట్లనీ కంప్యూటర్లలో కట్టారు, అందులో కొంత పని మన బెంగళూరులో జరిగింది. తర్వాతి ఏడాది ఆ గ్రాఫిక్స్‌కి ఆస్కార్ వచ్చింది. ఏనుగుశాలలో పెరిగిన పిల్లాడితో మొదలైన కథ, ఒక్క జంతువైనా లేని గదిలో పూర్తయిందన్నమాట.

సాబూ ఏమయ్యాడని అత్తమ్మ అడిగింది. 1944లో అమెరికా పౌరుడయ్యాడు. యుద్ధంలో బాంబర్ విమానం తోక భాగంలో తుపాకీ పట్టుకుని పనిచేశాడు, పతకం తెచ్చుకున్నాడు. పెళ్లి చేసుకున్నాడు, ఒక కొడుకు, ఒక కూతురు. పెద్దయ్యాక మంచి వేషాలు తగ్గిపోయాయి. ‘మదర్ ఇండియా’లో కొడుకు వేషానికి మెహబూబ్ ఖాన్ మొదట సాబూనే అనుకున్నారని చెబుతారు, అదీ కుదరలేదు. మన దేశంలో పుట్టినవాడు ఒక్క మన సినిమాలో కూడా నటించకుండానే 1963 డిసెంబరులో గుండెపోటుతో పోయాడు. 39 ఏళ్లు. కూతురు పెద్దయి సినిమాలకి జంతువులకి శిక్షణ ఇచ్చే పని చేసింది. మావటి మనవరాలు కదా.

ఇప్పుడు మా ఇంటి సంగతి. అత్తమ్మ పుట్టింది జనగామలో, ఐదో సంతానంగా. మూడేళ్లప్పుడు పిల్లల్లేని మేనత్త లాలాగూడ క్వార్టర్స్‌కి తెచ్చుకుని పెంచింది. మేనత్తని అమ్మ అని పిలిచేది. ఎండాకాలం సెలవులకి జనగామ వెళ్తే కన్నతల్లి ముందు అత్త అనాలి. అక్కడ ఆరుబయట పడుకుంటే రైళ్ల చప్పుడు లేక నిద్రపట్టేది కాదట. పెళ్లి కుదిరాక పీటల మీద ఎవరు కూర్చోవాలని వారం రోజులు గొడవ జరిగింది. చివరికి పెంచినవాళ్లే కూర్చుని కన్యాదానం చేశారు. “మా అమ్మ వంటింట్లకెళ్లి బయటికి రాలే. అప్పగింతలప్పుడు వచ్చి చేతుల పసుపుకొమ్ము పెట్టి పోయింది. నేనేం మాట్లాడలే. ఏమని పిలవాల్నో తెల్వలే” అంది అత్తమ్మ. ఆమె ఇంటికి కోడలిగా వచ్చి అప్పటికి పద్దెనిమిదేళ్లు అయింది నాకు. కన్నతల్లి గురించి ఆమె నోరు విప్పి చెప్పడం అదే మొదటిసారి.

నాకు గుచ్చుకున్న మాట సంగతి కూడా చెబుతానన్నాను. మా పెద్దాడిని ఇంటర్‌కి ఒక కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో వేయాలని మా ఆయనా మా మరిదీ అప్పటికే నిర్ణయించేశారు. అడ్వాన్సు కూడా కట్టారు. పొద్దున నాలుగున్నరకి బెల్లు, నెలకోసారి ఇంటికి. నాకు ఇష్టం లేదు. లేదని గట్టిగా చెప్పానా అంటే చెప్పలేదు. వాడి భవిష్యత్తు అన్న మాట ముందు ఏ తల్లి మాటైనా చిన్నదైపోతుంది. కిప్లింగ్ తర్వాత తన కొడుకు విషయంలో ఏం చేశాడో కూడా అప్పుడే చదివాను. మొదటి ప్రపంచ యుద్ధంలో చూపు సరిగ్గా లేదని ఆ అబ్బాయిని సైన్యంలో తీసుకోకపోతే, తెలిసిన పెద్దవాళ్లకి చెప్పి చేర్పించాడు. 1915లో లూస్ యుద్ధంలో చనిపోయాడు, పద్దెనిమిదేళ్లు నిండి ఆరు వారాలే. తను ఐదేళ్లకి తిన్న దెబ్బ గుర్తున్నవాడే అది చేశాడు.

ఇది ఒక రాత్రి మా ఆయనకి చెప్పాను. “హాస్టలుకీ యుద్ధానికీ సంబంధమేంటి?” అన్నాడు. నిజమే, సంబంధం లేదు. కానీ ఆ తర్వాత చాలాసేపు ఫ్యాన్ వైపు చూస్తూ మేలుకునే ఉన్నాడు.

అత్తమ్మని అడిగాను, మీరేమంటారని. వద్దంటుందనే ఆశతోనే అడిగాను. “వానిని అడిగినవా?” అంది. అడగలేదు. అడిగితే పెద్దాడు, “ఫ్రెండ్స్ అందరూ వెళ్తున్నారమ్మా, నేనూ వెళ్తా” అన్నాడు. అంతే. జూన్‌లో పెట్టె సర్దాను. కొత్త చెప్పులు, ఒక జత బూట్లు.

దసరా సెలవులకి వచ్చాడు. సంగీత్ స్టాపులో దిగాడు, నేను వెళ్లి తీసుకొచ్చాను. ఒకప్పుడు మేం ఇంగ్లిషు సినిమాలు చూసిన సంగీత్ థియేటర్ పడగొట్టి చాలా ఏళ్లయింది గానీ, కండక్టర్లు ఇప్పటికీ సంగీత్ అనే అరుస్తారు. సన్నబడ్డాడు. కొంచెం పొడుగయ్యాడు. మొదటి రెండు రాత్రులు తన గదిలో నిద్రపట్టలేదు. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉందని హాల్లో చాప వేసుకుని, లైటు వేసుకుని పడుకున్నాడు. నాలుగున్నరకి ఎవరూ లేపకుండానే లేచి కూర్చున్నాడు. నేను వంటింట్లో నుంచి చూస్తున్నాను.

అత్తమ్మ పాలు వేడిచేసి తెచ్చి ఇచ్చింది. వాడు తాగుతుంటే పక్కన కూర్చుని వాడి పాదం ఒళ్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. మడమ దగ్గర బూటు కరిచి కాయ కట్టింది.

“అమ్మాయ్, గీనికి చెప్పులు సాలుతలెవ్వు. పొద్దుగాల మోండా మార్కెట్ దిక్కు పోయి ఒక సైజు పెద్దయి తేవాలె” అంది నాతో.

“నానమ్మా, చక్కిలిగింతలు!” అని వాడు కాలు లాక్కోబోయాడు. ఆమె వదల్లేదు.